జోరావర్ కూర్చున్నాడు

రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యాక నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి ఏమిటంటే, ఇన్నేళ్ళూ జనం నమస్కారం పెట్టింది నాకు కాదు, నా బల్లకి. బల్ల ఆఫీసులోనే ఉండిపోయింది. నేను ఇంటికొచ్చేశాను. గెడ్డపేట బజారులో నేను ఎదురైతే పక్కకి తప్పుకునే మనుషులు ఇప్పుడు నన్నే కాస్త పక్కకి జరగమంటున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, సైన్యంలో పనిచేసి రిటైరైన కుక్కల్ని ఇంటికి తెచ్చుకుని పెంచుకునే ఉత్సాహం ఒకటి బయల్దేరింది. టీవీలో ఒక కుక్క జెండా ముందు ముందుకాలు ఎత్తి సెల్యూట్ చేస్తోంది. జనం చప్పట్లు కొడుతూ, దాన్ని పెంచుకుంటున్న పెద్దమనిషికి పూలదండ వేస్తున్నారు. నా కన్ను కుక్క మీద పడలేదు. దండ మీద పడింది.

దరఖాస్తు రాయడంలో జిల్లా మొత్తం మీద బెవర జోగారావుని మించినవాడు లేడని మా ఆఫీసులో పేరుండేది. నేను రాసిన దరఖాస్తు చదివి సైనికాధికారులు చలించిపోయారో, విసిగిపోయారో చెప్పలేను గాని, వచ్చి కుక్కని తీసుకెళ్ళమని కబురు పెట్టారు. రైలెక్కి వెళ్ళాను.

వాడి పేరు జోరావర్. నల్లటి లాబ్రడార్. మూతి చుట్టూ నెరిసిపోయింది. కశ్మీరు కొండల్లో సైనికులకి ముందు నడుస్తూ, మట్టిలో పాతిన మందుపాతర్లని వాసన పట్టడం వాడి ఉద్యోగం. వాడి వెనకాల నడిచిన కుర్రాళ్ళు చాలామంది ఇవాళ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని ఎత్తుకుంటున్నారని, వాణ్ణి నాకు అప్పగించిన హవల్దారు చెప్పాడు. చెప్పి మొహం అటు తిప్పుకున్నాడు. మంచులో ఏళ్ళ తరబడి తిరగడంతో వెనక కాళ్ళ కీళ్ళు అరిగిపోయాయట. "నాలుగడుగులేసి కూర్చుంటాడు సాబ్. కూర్చోనివ్వండి" అన్నాడు హిందీలో. నేను తలూపాను. అప్పటికే నా మనసు గెడ్డపేట రైల్వే స్టేషన్లో మాకు ఎవరెవరు ఎదురొస్తారన్న ఆలోచనలో ఉంది.

ఎవరూ రాలేదు. ఆటోవాడు మాత్రం కుక్కకి వేరే చార్జీ అన్నాడు.

మా ఆవిడ నూకరత్నం గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది. "ఏటండీ, ఇంట్లో ఒక రిటైర్డ్ ఆఫీసరు చాల్లేదని ఇంకొకణ్ణి తెచ్చారా?" అంది. జోరావర్ అనే మాట ఆవిడ నోటికి తిరగలేదు. "జోరయ్యా!" అంది. వాడు తోకాడించుకుంటూ నేరుగా వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. దేశానికి సేవ చేసినవాడు, మొదటి చూపులోనే ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో కనిపెట్టేశాడు.

కొద్ది రోజులకి వాడికి లైసెన్సు తీసుకోవడానికి మునిసిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళాను. క్యూలో నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. అది నాకు నచ్చలేదు. జోరావర్ కాసేపు నిలబడ్డాడు, వెనక కాళ్ళు వణికాయి, మెల్లగా కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఎవరూ అడక్కపోయినా అందరికీ వినబడేట్టు మొదలుపెట్టాను.

"ఇతను మామూలు కుక్క కాదండోయ్! సైన్యంలో బాంబులు పట్టేవాడు. బాంబు వాసన తగిలితే మొరగడు, కరవడు. చప్పుడు చెయ్యకుండా అలా కూర్చుంటాడు. కూర్చున్నాడంటే ఎంతటి మేజరైనా సరే, వెనక్కి వెళ్ళిపోవాల్సిందే!"

నా ముందున్న ముసలాయన జోరావర్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"మరిప్పుడు కూకున్నాడు కదేటి బాబూ?" అన్నాడు.

మునిసిపల్ ఆఫీసులో ఉద్యోగులు అంత చురుగ్గా కదలడం గెడ్డపేట ప్రజలు ఎప్పుడూ చూసి ఉండరు. కమిషనర్ సుధాకిరణ్ గారు, కుర్రవాడు, వెనక కిటికీ లోంచి దిగి వచ్చాడు. రోడ్డవతల వేపచెట్టు కింద నన్ను పట్టుకున్నాడు.

"జోగారావు గారూ, లోపల బాంబు ఉందా?"

"ఉండదండీ. వాడికి కీళ్ళనొప్పులు."

"బాంబు లేదని రాసిస్తారా?"

నేను కలం తీశాను, మూత మాత్రం తియ్యలేదు. నా సర్వీసు మొత్తంలో 'లేనట్లు తెలియవచ్చుచున్నది' అని రాశాను. 'లేదని కిందివారు నివేదించి యున్నారు' అని రాశాను. లేదు అని మాత్రం నా సంతకంతో ఎప్పుడూ రాయలేదు.

"అయితే ఉన్నట్టే" అన్నాడు కమిషనర్. జిల్లా కేంద్రానికి ఫోన్ చేశాడు.

బాంబు దళం వచ్చి ఆఫీసంతా తిరగేసింది. బాంబు దొరకలేదు. ఒక బీరువా వెనకాల, ఎన్నాళ్ళగానో కనబడని మురుగుకాలవ ఫైలు దొరికింది. కమిషనర్ పరవశించిపోయాడు. మర్నాడు పేపర్లో 'వీర శునకం అప్రమత్తత, తప్పిన ముప్పు' అని పడింది. ఫోటోలో జోరావర్ నిండుగా ఉన్నాడు. నాది గొలుసు పట్టుకున్న చెయ్యి మాత్రమే పడింది. ఆ చెయ్యి నాదేనని బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాను.

అదే వారంలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దన్నాన ఈశ్వరరావు గారు మా ఇంటికొచ్చాడు. వచ్చి సెల్యూట్ చేశాడు. జోరావర్‌కే అనుకోండి, కాని నేను వాడి పక్కనే నిలబడి ఉన్నాను.

"మళ్ళీ ఇలాంటి పరిస్థితి వస్తే ఎవరు ఏం చెయ్యాలన్నదానికి ఒక సర్క్యులర్ ఉంటే బాగుంటుందని పైవాళ్ళ అభిప్రాయమండీ. మా స్టేషన్లో అంత కలం ఎవరికుంది చెప్పండి? మీరే ఒక్క డ్రాఫ్టు..."

ఒక్క డ్రాఫ్టు అన్న మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో! ఆ రోజంతా కూర్చుని రాశాను. నూకరత్నం వడ్డించిన అన్నం చల్లారిపోయింది.

'సైన్యమునందు పనిచేసి విరమించిన సదరు జోరావర్ అను శునకము, పట్టణ పరిధిలో ఏ ప్రదేశమునందైనను కూర్చొనిన యెడల, ఆ ప్రదేశమును తక్షణమే ఖాళీ చేయవలెను. కూర్చొనుట అనగా శునకము యొక్క వెనుక భాగము నేలను తాకుట. తోక స్థితితో నిమిత్తము లేదు. శునకము ఏ కారణము చేత కూర్చున్నదను విషయమై విచారించు అధికారము ఎవరికిని లేదు.'

ఆ చివరి వాక్యం రాసి, కళ్ళజోడు తీసి, కాసేపు దాన్నే చూసుకున్నాను. నూకరత్నానికి చదివి వినిపించాను.

"ఆడు ముసలోడు కదండీ. ఎక్కడ బడితే అక్కడ కూకుంటాడు" అంది.

"ఇది పరిపాలన. నీకు తెలీదు" అన్నాను.

సర్క్యులర్ అమల్లోకి వచ్చింది. జోరావర్ బస్టాండులో కూర్చున్నాడు. బస్సులు ఊరి బయటే ఆగిపోయాయి. ట్రెజరీ మెట్ల మీద కూర్చున్నాడు. ఆ నెల పెన్షన్లు ఆలస్యమయ్యాయి, నా పెన్షనుతో సహా. ఒక పెళ్ళి ఊరేగింపు చూద్దామని రోడ్డు పక్కన కూర్చున్నాడు. పెళ్ళికొడుకు గుర్రం దిగి పరుగెత్తాడు. గుర్రం మాత్రం పరుగెత్తలేదు, దానికి సర్క్యులర్ అందలేదు.

వాడు కూర్చున్నప్పుడల్లా బాంబు దళం వచ్చేది, వెతికేది, ఏమీ దొరకలేదని రాసుకుని వెళ్ళేది. నేను గొలుసు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. జనం నన్ను చూసి దారిస్తున్నారు. కొందరు పరుగెత్తుకుంటూ ఇస్తున్నారు. అది భయమో గౌరవమో తేల్చుకోవాలని నాకు అనిపించలేదు.

ఇక ఊళ్ళో తెలివైనవాళ్ళు తెలివి చూపించడం మొదలుపెట్టారు. డిగ్రీ పరీక్షల రోజు ఉదయం కాలేజీ గేటు నుంచి హాలు దాకా ఎవరో బిస్కెట్లు వరసగా పరిచారు. జోరావర్ ఒక్కొక్కటే తింటూ వెళ్ళి హాలు మధ్యలో కూర్చున్నాడు. లెక్కల పరీక్ష వాయిదా పడింది. మార్కెట్లో ఆక్రమణలు కూలగొట్టడానికి యంత్రం వస్తే, దుకాణదారులు వాడికి పెరుగన్నం పెట్టి యంత్రం ముందే కూర్చోబెట్టారు. మాంసం కొట్టువాళ్ళు రోజూ ఎముకలు పంపుతున్నారు. వాడు బాగా లావెక్కాడు. లావెక్కేకొద్దీ కాళ్ళనొప్పి ఎక్కువైంది. నొప్పి ఎక్కువయ్యేకొద్దీ మరింత కూర్చుంటున్నాడు.

ఒకరోజు సీఐ గారు నన్ను పిలిపించాడు. ఈసారి సెల్యూట్ లేదు.

"జోగారావు గారూ, మీ ఇంట్లో కూడా కూర్చుంటున్నాడటగా?"

"ఇంట్లో కూర్చోకపోతే ఇంకెక్కడ కూర్చుంటాడండీ?"

"పక్కింటివాళ్ళు ఫిర్యాదిచ్చారు. 'ఏ ప్రదేశమునందైనను' అని మీరే రాశారు. మీ ఇల్లు పట్టణ పరిధిలోనే ఉంది కదా?"

ఆ రోజు సాయంత్రమే మా ఇంటి చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు. మమ్మల్ని సెలవుల్లో ఖాళీగా ఉన్న బళ్ళో ఉండమన్నారు. జోరావర్ని అక్కడికి తీసుకెళ్ళడానికి వీల్లేదు, వెళ్తే అక్కడా కూర్చుంటాడు. వాడు మా వరండాలో ఒంటరిగా కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేవాడు. కాపలాకి అప్పలస్వామి అనే కానిస్టేబుల్ని పెట్టారు.

నేను నిబంధన ప్రకారం రిబ్బనుకి ఇవతల నిలబడి "జోరావర్! ధైర్యంగా ఉండు!" అని కేకేసేవాణ్ణి. నూకరత్నం నిబంధన చదవలేదు. రిబ్బను ఎత్తి లోపలికి వెళ్ళి, వాడికి అన్నం పెట్టి, కాళ్ళకి నువ్వులనూనె రాసి, తన తడిచీర ఆ రిబ్బను మీదే ఆరేసి వచ్చేది. వస్తూ అప్పలస్వామికి మజ్జిగ ఇచ్చేది.

"అమ్మా, లోపలికెల్లకూడదమ్మా, నా ఉజ్జోగం పోద్ది" అనేవాడు అతను మజ్జిగ తాగుతూ.

"నువ్వు అటు తిరిగి తాగు నాయనా" అనేది ఆవిడ.

పరిస్థితి చెయ్యి దాటుతోందని డివిజన్ స్థాయిలో అధికారులు సమావేశమయ్యారు. సర్క్యులర్ కర్తగా నన్నూ పిలిచారు. జోరావర్ సొంత హోదాలో కూర్చుంటున్నాడా, అధికార హోదాలో కూర్చుంటున్నాడా అని కమిషనర్ సుధాకిరణ్ గారు ఒక ప్రశ్న లేవనెత్తాడు. సొంత హోదాలో అయితే ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. చాలా మంచి ప్రశ్న అని అందరూ మెచ్చుకున్నారు. ఏ హోదాయో తెలియాలంటే ఎందుకు కూర్చున్నాడో విచారించాలి. విచారించే అధికారం ఎవరికీ లేదు. అందరూ నా వైపు చూశారు. ఆ వాక్యం అంత పకడ్బందీగా రాసినందుకు అప్పటికీ నాలో ఎక్కడో ఒక చిన్న గర్వం మెరిసింది. మనిషి ఎంత సిగ్గులేనివాడో చూడండి.

చివరికి ఇలా తేల్చారు: 'శాంతిభద్రతల దృష్ట్యా సదరు శునకము ఇకమీదట పట్టణ పరిధిలో ఆసీనమగుట నిషేధించడమైనది. శయనించుటకు అభ్యంతరము లేదు. అమలు బాధ్యత పెంపకందారుడిది.'

మేము ఇంటికి తిరిగొచ్చాం. ఆ ఉత్తర్వు ఎంత తేలిగ్గా ఉందో అనుకున్నాను. తర్వాత తెలిసింది, కుక్క పడుకోవాలంటే ముందు కూర్చుంటుంది.

పొట్ట కింద నుంచి ఒక తువ్వాలు చుట్టి, వాడు వెనక కాళ్ళు వంచబోయినప్పుడల్లా పైకి లాగేవాణ్ణి. పడుకోబెట్టాలంటే ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఒక్కసారిగా పక్కకి వాల్చాలి. వాడు మొదట్లో ఇదేదో కొత్త శిక్షణ అనుకున్నాడు. ఉద్యోగం చేసినవాడు కదా, ఆజ్ఞ అంటే గౌరవం. కాళ్ళు గజగజ వణుకుతున్నా నిలబడేవాడు. నా మొహంలోకి చూసేవాడు, సరిగ్గానే చేస్తున్నానా అన్నట్టు. ఒకరోజు మధ్యాహ్నం నేను తువ్వాలు లాగితే, వాడు కుయ్యిమన్నాడు. మందుపాతర్ల మధ్య తిరిగినప్పుడు కూడా చప్పుడు చెయ్యనివాడు.

నూకరత్నం వంటింట్లోంచి వచ్చింది. నా చేతిలో తువ్వాలు లాక్కుంది. వాడు అక్కడికక్కడే కూలబడ్డాడు.

"ఎల్లండి. ఆ సీఐ దగ్గరికెళ్ళి, వీడికి బాంబూ లేదు గీంబూ లేదు, కాళ్ళనొప్పులని చెప్పి రండి. చెప్పాకే ఇంటికి రండి" అంది. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే నేను కాసేపు వాదించి ఉండేవాణ్ణి.

వెళ్ళాను. సీఐ గారు అంతా విని తలుపు వేయించాడు.

"చూడండి జోగారావు గారూ. వాడికి ఒట్టి కాళ్ళనొప్పే అయితే, ట్రెజరీ ఎందుకు మూశాం? పరీక్ష ఎందుకు ఆపాం? బస్సులు ఎందుకు నిలిపాం? ఎవరో ఒకరు బాధ్యత వహించాలి కదా. ఆ సర్క్యులర్ ఎవరు రాశారు?"

మంచినీళ్ళు అడిగి తాగాను. తాగాక, "కాళ్ళనొప్పులు నిర్ధారణ కాలేదండీ" అన్నాను.

"అదీ మాట" అన్నాడాయన. "బాంబులు దొరకలేదంటే దానికర్థం జోరావర్ గారి నిఘాకి భయపడి ఎవరూ పెట్టలేదని. ఇన్ని ప్రమాదాలు తప్పించినందుకు ఘనంగా సన్మానం చేద్దాం. ఆ తర్వాత గౌరవంగా ఏదైనా శునక సదనానికి పంపేద్దాం. అందరి పరువూ దక్కుతుంది. సన్మాన పత్రం మీరే రాయాలి."

రాశాను. ఇంటికెళ్ళి నూకరత్నానికి సన్మానం సంగతి చెప్పాను, సదనం సంగతి మింగేశాను. ఆవిడ నా వైపు అదోలా చూసి, జోరావర్ కాళ్ళకి నూనె రాయడానికి వెళ్ళిపోయింది.

సన్మానం జూనియర్ కాలేజీ మైదానంలో. ఎండ మండిపోతోంది. వేదిక మీద పెద్దలందరూ సోఫాల్లో కూర్చున్నారు. సోఫాల వెనక వరసలో నాకూ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. జోరావర్ని వేదిక మధ్యలో నిలబెట్టారు. గొలుసు పట్టుకోవడానికి నూకరత్నం తనే వస్తానంది. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి మైకందుకున్నాడు.

"జోరావర్ గారి ప్రతి ఆసీనతా ఒక హెచ్చరికే! ఒక్కసారి కూడా పొరపాటున కూర్చోలేదని ఈ వేదిక మీద నుంచి అధికారికంగా ప్రకటిస్తున్నాను! కొందరు గిట్టనివాళ్ళు కీళ్ళనొప్పులంటున్నారు. కీళ్ళనొప్పులు మనకుంటాయి, వీరులకుండవు!"

చప్పట్లు మోగాయి. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. జోరావర్ వెనక కాళ్ళు వణకడం నాకు కనబడుతోంది. వాడు ఒకసారి సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు. అధికారి వంగి పతకాన్ని వాడి మెడలో వేశాడు. ఆ బరువు చాలింది. జోరావర్ కూర్చున్నాడు.

ఒక్కసారి కూడా పొరపాటున కూర్చోలేదని ప్రకటించి ఎంతోసేపు కాలేదు. పెద్ద అధికారి వేదిక మీంచి దూకాడు. ఆయన వెనక కమిషనర్, ఆయన వెనక సీఐ. కుర్చీలు ఎగిరిపడ్డాయి, షామియానా గుంజ ఒకటి ఊడిపోయింది.

నేనూ పరుగెత్తాను. వాడికి కాళ్ళనొప్పులని ఈ ఊళ్ళో అందరికన్నా ముందు విన్న నేను, సన్మాన పత్రం గుండెలకి హత్తుకుని, పెద్ద అధికారిని కూడా దాటేసి, గేటు బయటికి వచ్చి పడ్డాను.

ఆయాసం తీరాక వెనక్కి చూశాను. వేదిక మీద జోరావర్ కూర్చుని ఉన్నాడు. నూకరత్నం వాడి పక్కన సోఫాలో కూర్చుని, తన చీర కొంగుతో వాడికి విసురుతోంది.

నేను గేటు వైపు నడిచాను. అప్పలస్వామి అడ్డం వచ్చాడు.

"ఎల్లకూడదు బాబూ. కుక్క కూకుంది."

"మా ఆవిడ కూడా కూర్చుందయ్యా లోపల!"

"అమ్మగారు కూకుంటే పర్లేదు బాబూ. ఆవిడికి ట్రైనింగు లేదు కదా" అన్నాడు అప్పలస్వామి.

అతను నవ్వులాటకి అనలేదు. నేను రాసిన సర్క్యులర్ని అంత నిజాయితీగా అమలు చేసినవాడు ఇంకొకడు లేడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. అతని చెయ్యి తప్పించుకుని లోపలికి వెళ్ళాను. ఆ ఖాళీ మైదానం దాటుతుంటే, నిజంగానే బాంబు ఉందేమో అని నేల చూసి చూసి అడుగులేశాను. అలవాటు అలాంటిది. వేదిక ఎక్కాను. మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

"బాంబు లేదు" అన్నాను. నా గొంతు మైదానమంతా వినబడింది. "వాడు ముసలోడు. కాళ్ళు నొప్పి. అందుకే కూర్చుంటున్నాడు. మొదటి రోజు నుంచీ అంతే. ఆ సర్క్యులర్ రాసింది నేనే."

గేటు బయట నుంచి సీఐ గారి మెగాఫోన్ వినబడింది. "జోగారావు గారూ! ఆ మాట రాసివ్వండి!"

సన్మాన పత్రం తిరగేసి, వెనక వైపు రాశాను. 'బాంబు లేదు. కుక్కకు కాళ్ళనొప్పి.' సంతకం పెట్టాను. నా జీవితంలో అంత చిన్న డ్రాఫ్టు ఎప్పుడూ రాయలేదు. నూకరత్నం దాన్ని తీసుకుని చదివింది. "ఈ రెండు ముక్కలకి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది. అని, సోఫాలో కాస్త పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను. జోరావర్ తల నా చెప్పు మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

సర్క్యులర్ రద్దయింది. వాణ్ణి సదనానికి పంపే ప్రస్తావన మళ్ళీ ఎవరూ తేలేదు. తెస్తే నూకరత్నం ఊరుకోదని ఆఫీసులన్నిటికీ తెలిసిపోయింది. ఇప్పుడు వాడు బజారులో ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చుంటాడు. జనం చుట్టూ తిరిగి వెళ్తారు. నన్ను మళ్ళీ పక్కకి జరగమంటున్నారు. జరుగుతున్నాను.

మొన్న జిల్లా ఆఫీసు నుంచి నాకొక మెమో వచ్చింది. 'శునకము కీళ్ళనొప్పి చేతనే కూర్చుండునని తమకు మొదటి నుంచి తెలిసియున్నట్లు తామే బహిరంగముగా ప్రకటించి యున్నారు. అట్లయిన, సన్మాన సభ నుండి తమరు కూడా, జిల్లా అధికారి కంటె ముందుగా, పరుగెత్తుటకు గల కారణమును రాతపూర్వకముగా తెలియజేయవలెను.'

పొద్దున్నించి కూర్చుని డ్రాఫ్టుల మీద డ్రాఫ్టులు చించేస్తున్నాను. 'జన ప్రవాహ ఒత్తిడి వలన' అని రాశాను. కొట్టేశాను. 'పై అధికారుల రక్షణార్థము' అని రాశాను. సిగ్గేసింది. నూకరత్నం జోరయ్య గిన్నె కడుగుతూ ఇటు చూసింది.

"అంత ఆలోచనేటండీ? అలవాటు చేత అని రాసీండి" అంది.